ఇనుముకి ఇనుము ఆనేదాకా

నుర్మెస్,
21 ఆగస్టు 1994

తమ్ముడు రైమోకి,

నీ తుపాకి సిద్ధమైంది. ఎప్పుడు ఎప్పుడు అని ఫోను చేసి చంపకు. చేసినా నాకు వినపడి చావదు కదా! పోయిన నెల నువ్వు ఫోనులో ఏదో చెబుతుంటే "మంచిదే, మంచిదే" అన్నాను. తర్వాత లెంపి కార్డు రాస్తే తెలిసింది, నువ్వు చెప్పింది మీ అత్తగారు పోయిన కబురట. నీ పెళ్ళానికి ఇక నా ముఖం ఎలా చూపించను? ఇకనుంచి ఏం చెప్పాలన్నా ఉత్తరం రాయి.

ముప్పై ఏళ్ళు ఈ కొట్లో ఊరందరి తుపాకులూ బాగుచేసి, పేల్చి చూసి, చెవులు పోగొట్టుకున్నదాన్ని. అందుకే సైలెన్సర్ పెట్టించుకోరా అని మూడేళ్ళు నీ వెంటపడ్డాను. ఇప్పటికైనా బుద్ధి వచ్చింది.

ఏం చేశానో చెబుతాను, విను. తుపాకి గొట్టం బయటికి గుండ్రంగా, తిన్నగానే కనబడుతుంది. లోపలి రంధ్రం మాత్రం ఏ గొట్టంలోనూ సరిగ్గా నడిమధ్యన ఉండదు. నీ దాంట్లో ఒక వెంట్రుక మందం పక్కకి ఉంది. బయటి అంచుని నమ్ముకుని, సైలెన్సర్ తిప్పి బిగించే మర చుట్లు కోసేవాడు కోస్తాడు, కానీ గుండు వచ్చేది రంధ్రం వెంబడి కదా! అందుకని లేత్‌కి ఎక్కించాక రంధ్రాన్ని నడిమికి తెచ్చుకోవడానికే పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. మర కొయ్యడం పావుగంట పని. మర మొదట్లో గొట్టం చుట్టూ ఒక మెట్టు కోశాను. సైలెన్సర్ అంచు ఆ మెట్టుకి చుట్టూరా ఆనుకోవాలి. దాన్ని తిన్నగా నిలబెట్టేది ఆ మెట్టే. మర ఉత్తినే పట్టుకుంటుంది. ఆఖర్న సన్నని చువ్వ దూర్చి చూశాను, సైలెన్సర్ చివరి రంధ్రంలో నాలుగువైపులా ఒకే ఎడం ఉంది. ముప్పై గుళ్ళు పేల్చాను. ఏ గుండూ దేన్నీ రాసుకోలేదు.

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. చేత్తో తిప్పు. ఇనుముకి ఇనుము ఆనేదాకా తిప్పు. మధ్యలో ఏమీ ఉండకూడదు. వాషరు వద్దు, గుడ్డపీలిక వద్దు, గ్రీజు ముద్ద వద్దు.

వచ్చేటప్పుడు లెంపి చేసిన ఎర్రపళ్ళ జామ్ రెండు సీసాలు తీసుకురా. నీ ముఖం చూసి కూలి తీసుకోనని అనుకోకు.

అక్క,
హిల్కా


లెంతీరా,
18 సెప్టెంబరు 1994

అక్కా,

సైలెన్సర్ చాలా బాగుంది. నిన్న మా వేట జట్టంతా ఇసుక గుంట దగ్గర గురి చూసుకున్నాం. నేను పేలిస్తే పక్కనున్న కుక్క లేచి కూడా చూడలేదు.

ఓయ్వ మాత్రం ఊరుకుంటాడా? ఒకటో తరగతి నుంచీ ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం, నన్ను ఆడిపోసుకోకపోతే వాడికి కాఫీ అరగదు. "ఏంట్రా, తుపాకికి పాలసీసా తగిలించావు? దుప్పిని చంపుతావా, పెంచుకుంటావా?" అన్నాడు. జట్టుకి నాయకుడు కదా, వాడు నవ్వితే పదిమందీ నవ్వారు. "మా అక్క చేసిందిరా, నోరు మూసుకో" అన్నాను. వెంటనే నవ్వు ఆపేసి దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూశాడు. "హిల్కా చేసిందంటే ఇంకేం, నాకూ ఒకటి చెయ్యమని చెప్పు" అన్నాడు. నీ పేరుకి ఇక్కడ అంత విలువ ఉంది మరి.

ఒక్కటే చిన్న ఇబ్బంది. ఆరేడు గుళ్ళు పేల్చాక అది కాస్త వదులవుతోంది. పావు చుట్టు తిరుగుతోంది. నువ్వేమీ కంగారుపడకు. ముప్పై ఏళ్ళుగా పైపులు బిగిస్తున్నాను, కుహ్మో ఊళ్ళో సగం ఇళ్ళ నీళ్ళు నేను బిగించిన మరల్లోంచే పారుతున్నాయి. ఆ సంగతి నేను చూసుకుంటాలే.

వచ్చే శనివారం వేట మొదలు. మొదటి దుప్పి పడగానే దాని నాలుక వండుకోవడానికి నీకు పంపిస్తాను.

రైమో


నుర్మెస్,
22 సెప్టెంబరు 1994

రైమో,

నువ్వేమీ చూసుకోవద్దు. వదులవుతోందంటే మెట్టు మీద మురికైనా ఉండాలి, నువ్వు గట్టిగా తిప్పకైనా ఉండాలి. శుభ్రంగా తుడిచి మళ్ళీ బిగించు. అప్పటికీ తిరుగుతుంటే తీసి పక్కన పెట్టి ఈ ఏడాదికి మామూలుగా వేటాడు, లేదా తుపాకి పట్టుకుని బస్సెక్కు. ఒక్క పూటలో చూసి ఇస్తాను.

పైపులోంచి నీళ్ళు వస్తాయి. తుపాకిలోంచి వచ్చేది నీళ్ళు కాదు.

హిల్కా


లెంతీరా,
11 అక్టోబరు 1994

అక్కా,

ఎలా రాయాలో తెలియడం లేదు. మూడు కాగితాలు చింపేశాను.

ఓయ్వ కాలు తీసేశారు. మోకాలి కిందికి. ఎడమ కాలు.

శనివారం పొద్దున్న బురదనేల అంచున మాటు వేశాం. నేను ఇటు, నా ఎడమవైపు ఎనభై అడుగుల దూరంలో ఓయ్వ. కుక్కలు ఒక మగ దుప్పిని తోలుకొచ్చాయి. అది నాకు సూటిగా ఎదురుగా వచ్చింది, ఓయ్వ వైపు కానే కాదు. దేవుడి మీద ఒట్టు అక్కా, నా గురి ఓయ్వ వైపు లేదు. పేల్చాను. టప్పుమనలేదు, రేకు డబ్బాని సుత్తితో కొట్టినట్టు ఖంగుమంది. సైలెన్సర్ మూతి అరటితొక్కలా విచ్చుకుపోయింది. దుప్పి అలాగే నిలబడి నన్ను చూసింది. అది ఎందుకు పరుగెత్తడం లేదా అనుకున్నాను. అప్పుడు ఎడమవైపు చూశాను.

ఓయ్వ కూర్చుని ఉన్నాడు. "రైమో, నా బూటులోకి నీళ్ళొచ్చాయిరా" అన్నాడు. అంతే అన్నాడు. నీళ్ళు కాదక్కా.

బెల్టు తీసి కట్టాను. మా జట్టులోని పెంట్టి కారు దగ్గరికి పరుగెత్తి ఫోను చేశాడు. హెలికాప్టర్ రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తోంది.

పోలీసులు తుపాకి తీసుకెళ్ళారు. సైలెన్సర్ ఎవరు బిగించారని అడిగారు. చెప్పాల్సి వచ్చింది. నీ దగ్గరికి వస్తారేమో.

ఇలా ఎందుకు జరిగిందో నాకు అర్థం కావడం లేదు.

రైమో


నుర్మెస్,
15 అక్టోబరు 1994

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చేసరికి పోలీసులు నా కొట్లోనే ఉన్నారు. వాళ్ళు అడిగేది నాకు వినపడక, చివరికి ఒకతను కాగితం మీద రాసి చూపించాడు. "మీరు బిగించిన సైలెన్సర్ వల్ల ఒక మనిషి కాలు పోయింది." ఆ కాగితం చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. కాగితం తిరిగి ఇవ్వమని అతను చెయ్యి చాపాడు. నా వేళ్ళు విడవలేదు. అతనే మెల్లిగా లాక్కున్నాడు.

చిన్నప్పుడు అమ్మ పొలానికి వెళితే ఓయ్వని కూడా నేనే చూసుకునేదాన్ని. వాడి బూట్ల తాళ్ళు కట్టింది నేను. ఇప్పుడు నా చేతులే.

ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. నిన్ను తిట్టను, కొట్టను, ఎవరికీ చెప్పను. ఆ రోజు సైలెన్సర్ ఎలా బిగించావు? మెట్టుకి ఆనిందా? మధ్యలో ఏమైనా పెట్టావా? ఏదైనా సరే, చిన్న దారపు పోగైనా సరే, చెప్పు. ఆ సంగతి నాకు తెలియాలి. తెలియకపోతే ఇంకొకరి తుపాకి ముట్టుకోలేను.

హిల్కా


లెంతీరా,
30 అక్టోబరు 1994

అక్కా,

ఆలస్యమైనందుకు ఏమనుకోకు. రోజూ ఆసుపత్రికి వెళ్ళి వస్తున్నాను.

మధ్యలో ఏమీ లేదు. చేత్తో బిగించాను, నువ్వు చెప్పినట్టే. పోలీసులు తీసుకునేటప్పుడు కూడా అది మెట్టుకి ఆనుకునే ఉంది, వాళ్ళే చూశారు.

నిన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. ఓయ్వ అసలే అనడు. నీ లేత్‌కి కూడా వయసైంది కదా, నాన్న కాలం నాటిది. యంత్రం అరిగిపోతే మనిషి ఏం చేస్తాడు? నువ్వు మనసులో పెట్టుకోకు. తిండి సరిగా తిను.

రైమో


నుర్మెస్,
29 జనవరి 1995

తమ్ముడూ,

మూడు నెలలుగా నీకు రాయలేదు. రాయడానికి ఏదో ఒకటి తేలాలి కదా అని ఆగాను.

పోలీసుల నిపుణుడు తన ముందే తుపాకి చూడనిచ్చాడు. మంచివాడు. టీ కూడా ఇచ్చాడు. మర చూశాను, మెట్టు చూశాను, భూతద్దం పెట్టి చూశాను, డయల్ పెట్టి కొలిచాను. ఎక్కడా తప్పు లేదు. సైలెన్సర్ ఎలాగూ చీలి వంగిపోయింది, దాన్ని కొలిచి తెలిసేదేమీ లేదు. అతను రాసింది ఇది: సైలెన్సర్ గట్టిగా, మెట్టుకి ఆని ఉంది. అయినా గుండు దాని మూతికి తగిలింది. కాబట్టి బిగింపు మొదటినుంచీ వంకరగా ఉండి ఉండాలి.

అతని చోట నేను ఉన్నా అదే రాసేదాన్ని.

ఇంటికొచ్చి ఒక పాత గొట్టం ముక్క తీసుకుని మళ్ళీ మొత్తం చేశాను. తిన్నగా వచ్చింది. ఇంకోటి చేశాను. అదీ తిన్నగానే వచ్చింది. పదకొండు చేశాను రైమో. ఒక్కటి వంకరగా వచ్చి ఉంటే కూర్చుని హాయిగా ఏడ్చేదాన్ని. తప్పు నా కంటికి కనబడడం లేదు, నా కొలతకి అందడం లేదు, కానీ ఒక మనిషి కాలు పోయింది. అంటే నా కన్ను, నా కొలత రెండూ అబద్ధం అన్నమాట.

అందుకని తుపాకులు బాగుచేసే లైసెన్సు పోలీసులకి తిరిగి ఇచ్చేశాను. వాళ్ళు ఒక ఏడాది ఆపుతామన్నారు. నేనే పూర్తిగా తీసేసుకోమన్నాను. లేత్‌ని యొయెన్సూలో కౌకో అనే కుర్రాడు కొనుక్కున్నాడు. నువ్వన్నట్టు అది అరిగిపోయిందేమోనని ముందే చెప్పాను. అతను పరీక్షించి చూసి, "అమ్మా, ఇది కొత్తదానికన్నా తిన్నగా ఉంది" అన్నాడు. ఆ మాటకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. యంత్రం తప్పు కూడా కాదన్నమాట. ఇక మిగిలింది నేనే.

బడి వంటశాలలో గిన్నెలు కడిగే పని దొరికింది. పిల్లలు అరిచినా నాకు వినపడదు కాబట్టి ఆ పనికి నేనే సరైనదాన్నని అక్కడివాళ్ళు నవ్వుతారు.

ఓయ్వకి ఉన్ని మేజోళ్ళు అల్లి పంపాను. జతే పంపాను. ఒక్కటే అల్లడానికి చేతులు రాలేదు.

అక్క


లెంతీరా,
14 మే 1995

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఓయ్వ ఇల్లు చేరి రెండు నెలలైంది. కొత్త కాలుతో గుమ్మాలు దాటడం నేర్చుకున్నాడు. మొన్న శుక్రవారం పిలిచి, ఆవిరిస్నానాల సౌనాకి వేడినీళ్ళ గొట్టం మార్చి పెట్టమన్నాడు. వెళ్ళాను. వాడు బల్ల మీద కూర్చుని, కాలు ఊడదీసి పక్కన పెట్టుకుని నేను చేసే పని చూస్తున్నాడు. నేను గొట్టం మరకి నార చుట్టుకుంటున్నాను. నీళ్ళు కారకుండా ఎప్పుడూ చుట్టే పసుపుపచ్చ నార.

"ఏయ్, అదేంట్రా?" అన్నాడు.

"నార. పైపు నార. ఎప్పుడూ చూడనట్టు అడుగుతావేం?"

"చూశాను. ఎక్కడ చూశానా అని ఆలోచిస్తున్నా." ఒక పోగు తీసి వేళ్ళ మధ్య నలుపుతూ అన్నాడు, "ఆసుపత్రిలో నర్సులకి రోజూ చెప్పేవాణ్ణి. నా కాలు పోతుంటే మా రైమో పక్కన కూర్చుని తుపాకికి జడ విప్పాడమ్మా, పచ్చజుట్టు పీకాడమ్మా అని. మందు మత్తులో వాగుతున్నానని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి."

నేను గొట్టం కింద పెట్టాను.

"అది జుట్టు కాదు కదరా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

అక్కా, నేను నార చుట్టాను. నువ్వు వద్దన్నాక. నీ ఉత్తరం వంటగది బల్ల మీద ఉండగానే, అదే బల్ల మీద తుపాకి పెట్టుకుని చుట్టాను. బాగా గట్టిగా పట్టింది. కదిపినా కదల్లేదు. మా అక్కకి తుపాకులు తెలుసు, మరలు నాకు తెలుసు అనుకున్నాను. మెట్టుకి ఆనలేదని తెలుసు. బియ్యపుగింజ ఎడం ఉంది. ఒకవైపు కాస్త ఎక్కువ. ఏమవుతుందిలే అనుకున్నాను.

ఇంకా ఉంది. ఓయ్వకి బెల్టు కట్టాను, అది నిజం. పెంట్టి ఫోనుకి పరుగెత్తాడు, అదీ నిజం. ఇద్దరమే ఉన్నాం. ఓయ్వ కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు నేను సైలెన్సర్ ఊడదీసి, కత్తితో ఆ నారంతా గీకేశాను. ఒక్క పోగు కూడా లేకుండా. బురదలో తొక్కేశాను. మళ్ళీ సైలెన్సర్ బిగించాను. చేత్తో, మెట్టుకి ఇనుము ఆనేదాకా. నువ్వు చెప్పినట్టుగా దాన్ని నేను సరిగ్గా బిగించింది ఆ ఒక్కసారే.

ఆ నలభై నిమిషాలు తలుచుకుంటే వణుకు వస్తుందని రాశాను కదా. నాకు వణుకు పుట్టించింది నెత్తురు కాదు. నా చెయ్యి అప్పుడు అసలు వణకలేదు. అదీ నా భయం.

నీకు చెబుదామనే అనుకున్నాను. నువ్వు అడిగినప్పుడు రెండు వారాలు ఆగాను, చూడు. తర్వాత నీ లైసెన్సు ఏడాదే ఆపుతారని పెంట్టి ఎవరినో అడిగి చెప్పాడు. ఏడాదే కదా అనుకున్నాను. నువ్వు మొత్తం వదిలేస్తావనుకోలేదు. లేత్ అమ్మేస్తావనుకోలేదు. నీ జనవరి ఉత్తరం చదివి, మడిచి, సొరుగులో పెట్టాను. అప్పుడు కూడా రాయలేదు.

ఓయ్వ నన్ను కొట్టలేదు. కొడతాడనే ఎదురుచూశాను. ఊడదీసిన కాలు మళ్ళీ తగిలించుకుని "మీ అక్క లేత్ అమ్మేసిందటగా?" అన్నాడు.

"అవును."

"గిన్నెలు కడుగుతోందటగా?"

"అవును."

"నీళ్ళు వదులు, చూద్దాం" అన్నాడు. గొట్టం బిగించి నీళ్ళు వదిలాను. ఒక్క చుక్క కారలేదు. "పైపుల దగ్గర మంచి పనివాడివేరా" అన్నాడు. తర్వాత అన్నాడు, "ఆదివారం లోపల మీ అక్కకి నువ్వు రాయి. లేకపోతే నేను రాస్తాను. నాకు రాయడం సరిగా రాదు, నీకన్నా ఘోరంగా రాస్తాను."

ఇవాళ ఆదివారం.

రైమో


నుర్మెస్,
17 మే 1995

రైమో,

అందింది.

ఒకసారి చదివాను. రెండోసారి సగం చదివాను. ఆ కాగితం ఇంట్లో ఉంచుకోలేక కట్టెల కొట్టంలో పెట్టి తాళం వేశాను.

నేను పదకొండు గొట్టాలు కోశాను. పదకొండు. నువ్వు ఆ ఉత్తరం చదివావు. చదివి, మడిచి, సొరుగులో పెట్టుకున్నావు. తుపాకి సంగతి, నార సంగతి ఎలాగోలా అర్థం చేసుకోగలను. భయపడ్డావు. భయపడ్డవాడు కత్తితో గీకుతాడు. కానీ "తిండి సరిగా తిను" అని రాశావే, ఆ చెయ్యి ఎవరిది?

పోలీసుల దగ్గరికి వెళ్ళావా? అదొక్కటి రాయి. ఇంకేం రాయకు.

హిల్కా


లెంతీరా,
9 జూన్ 1995

అక్కా,

వెళ్ళాను. పోయిన నెల ఇరవైన వెళ్ళాను. ఓయ్వ కూడా వచ్చాడు, కారు వాడే నడిపాడు. ఠాణా మెట్ల దగ్గర నేను చెయ్యి అందించబోతే "నీ చెయ్యి నీ దగ్గరే పెట్టుకో" అని తనే ఎక్కాడు.

అంతా చెప్పాను. రాసుకున్న అతను మధ్యలో కలం ఆపి నా వంక చూశాడు. "మీ అక్కగారు ఇక్కడికి వచ్చినప్పుడు నేనే టీ ఇచ్చాను" అన్నాడు. తర్వాత మళ్ళీ రాసుకున్నాడు.

తుపాకి లైసెన్సు రద్దు చేశారు. ఆగస్టులో కోర్టు. జైలు పడకపోవచ్చట, పడినా నేను కాదనను. వేట జట్టు సమావేశం పెట్టి నా పేరు తీసేసింది. చేతులెత్తమన్నారు. అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

లెంపి అన్నం పెడుతుంది, మాట్లాడదు. నీ పదకొండు గొట్టాల ఉత్తరం ఆమెకి చూపించాను. అప్పటినుంచి.

నీ లైసెన్సు నీకు తిరిగి ఇవ్వమని పోలీసులే రాస్తామన్నారు. ఇంకేం రాయొద్దన్నావు. ఇదంతా అడిగినదానికి జవాబే అనుకో.

రైమో


నుర్మెస్,
1 అక్టోబరు 1995

రైమోకి,

కోర్టు తీర్పు సంగతి పేపర్లో చదివాను. జైలు తప్పిందట. సంతోషించలేదు, బాధపడలేదు. ఆ వార్త పక్కన బంగాళదుంపల ధర ఉంటే అది కూడా చదివాను.

లైసెన్సు ఆగస్టులో వచ్చింది. సంజాయిషీగా ఒక కాగితం కూడా జత చేశారు, మర్యాదగానే రాశారు. బడి వంటశాలలో చూపిస్తే ముసలి వంటామె నన్ను కావిలించుకుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. నీకు ఒక సంగతి చెప్పాలి, అది చెప్పకుండా నిన్ను తిట్టే అర్హత నాకు లేదనిపిస్తోంది.

నీ మే నెల ఉత్తరం చదివిన రోజు, "నేను నార చుట్టాను" అన్న మాట దగ్గరికి రాగానే నాకు ముందు కోపం రాలేదు. ఓయ్వ గుర్తు రాలేదు. నువ్వు గుర్తు రాలేదు. నా చేతులు తప్పు చెయ్యలేదు, అదొక్కటే తలలో మోగింది. వంటగదిలో లేచి నిలబడి నవ్వాను. గట్టిగా నవ్వి ఉంటాను, పక్కింటామె కిటికీలోంచి తొంగి చూసింది. ఒక మనిషి కాలు పోయింది, నా సొంత తమ్ముడు నా నోట్లో మట్టి కొట్టాడు, నేను నవ్వుతూ వంటగదిలో తిరుగుతున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత నన్ను నేను అద్దంలో చూసుకుని హడలిపోయాను. నీ చెయ్యి వణకలేదని రాశావే, అది చదివి నిన్ను రాక్షసుడివనుకున్నాను. నేనేమంత గొప్పదాన్నో ఆ పూట తెలిసింది.

ఇది క్షమించడం కాదు. లెక్క సరిపోయిందని కూడా అనుకోకు. చెప్పాను, అంతే.

సెప్టెంబరు మొదట్లో ఓయ్వ ఉత్తరం రాశాడు. నిజంగానే ఘోరంగా రాస్తాడు. ముక్కకి మూడు తప్పులు. కొత్త తుపాకి కొన్నాడట, దానికి సైలెన్సర్ పెట్టి ఇమ్మన్నాడు. "ఓయ్వా, వేరేవాళ్ళ దగ్గర చేయించుకో, నావల్ల కాదు" అని రాశాను. నాలుగో రోజు తుపాకితో సహా గుమ్మంలో నిలబడ్డాడు. బస్సులో వచ్చాడు. నుదుటి మీద చెమట. "బయట నిలబెడతావా, ఒంటికాలి మనిషిని?" అన్నాడు. పెదవులు చూసి అర్థమైంది.

కౌకో దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఒక రోజు లేత్ వాడుకోనివ్వమని అడిగాను. ఆ కుర్రాడు మారు మాట్లాడకుండా తన పని దించేసి జాగా ఇచ్చాడు. మధ్యాహ్నం దాకా రంధ్రాన్ని నడిమికి తెచ్చుకోవడమే సరిపోయింది. మర కోసేటప్పుడు రెండుసార్లు యంత్రం ఆపాను. ఓయ్వ ఒక మూల స్టూలు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. నేను ఆపినప్పుడల్లా తినడం ఆపి చూస్తాడు. నేను మొదలుపెడితే తనూ మొదలుపెడతాడు.

నిన్న మీ ఊరి ఇసుక గుంటకి వెళ్ళి పేల్చి చూశాం. మొదటి గుండు నేనే పేలుస్తాను, నువ్వు వెనక్కి వెళ్ళి ఆ బండ చాటున నిలబడు అన్నాను. వెళ్ళలేదు. నా ఎడమవైపు, రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. "పో" అన్నాను. "పోను" అన్నాడు. "ఓయ్వా, నీకు ఇంకొక కాలే ఉంది." "తెలుసు. లెక్కపెట్టుకునే వచ్చాను."

ఎంతసేపు గురి పెట్టి నిలబడ్డానో. నాకు ప్రపంచంలో ఏ చప్పుడూ వినపడదు కదా, నా గుండె మాత్రం వినపడింది. కళ్ళు మూసుకోకూడదు. తెరిచే ఉంచి పేల్చాను.

అట్ట దగ్గరికి ఓయ్వే నడిచి వెళ్ళాడు. కుంటుకుంటూ, చాలాసేపు పట్టింది. నేను తుపాకి కింద పెట్టాను. అట్ట ఊడదీసుకుని వచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నడిమధ్యన ఒకే ఒక్క చిల్లు. పక్కన చిన్న గీత కూడా లేదు. నేను ఆ అట్ట పట్టుకుని ఇసుకలో కూర్చున్నాను, ఏడాదిగా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. ఓయ్వ నా పక్కన కూర్చోవడానికి ప్రయత్నించి, ఆ కాలుతో కుదరక, అలాగే నిలబడి నా తల మీద చెయ్యి పెట్టాడు.

వెనక్కి వచ్చే బస్సు మీ ఇంటి ముందునుంచే వచ్చింది. నువ్వు పెరట్లో కట్టెలు కొడుతున్నావు. జుట్టు బాగా తెల్లబడింది. డ్రైవరు బస్సు నెమ్మది చేసి, దిగుతావా అన్నట్టు నా వంక చూశాడు. మనిద్దరం ఒకే పోలిక కదా.

వద్దని తల ఊపాను.

ఓయ్వకి ఈ నెలలోనే ఇంకోసారి చూసి ఇవ్వాలి. మళ్ళీ అదే బస్సులో వస్తాను. ఆ రోజు తల ఎటు ఊపుతానో నాకు తెలియదు. తెలియదని నీకు చెప్పడానికే ఈ ఉత్తరం.

హిల్కా